‘నమోదైనది’ అన్న మాట వెనుక



యానాంలో ఫ్రెంచి పరిపాలన సాగిన కాలంలో జనన, మరణ, వివాహ రిజిస్టర్లను ఒకే ప్రతితో సరిపెట్టేవారు కాదు. వలస ప్రాంతాల పౌర రిజిస్టర్లకు మరొక ప్రతి తయారై, ఓడ మీద ఫ్రాన్సుకు చేరాలని 1776 నాటి రాజశాసనం నిర్దేశించింది. అలా చేరిన ప్రతులు నేడు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ నగరంలోని ప్రభుత్వ పత్ర భాండాగారంలో ఉన్నాయి. గోదావరి ముఖద్వారంలో చెదలు, వరద, తుపాను కొత్తవి కావు. 1839 నవంబరులో కోరంగి రేవును తుడిచిపెట్టిన ఉప్పెన యానానికి కూతవేటు దూరంలోనే వచ్చింది. కాగితం ఎంత మంచిదైనా, దస్తూరి ఎంత అందమైనదైనా, ఒకే గదిలో ఉన్న ఒకే పుస్తకాన్ని నమ్మరాదని ఆనాటి పాలకులకు తెలుసు.

నేటి కార్యాలయంలో పుస్తకం లేదు. కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా ఒక శిశువు పేరు టైపు చేసి మీట నొక్కగానే తెరపై ‘నమోదైనది’ అన్న మాట వస్తుంది. రసీదు అచ్చవుతుంది. తండ్రి దానిని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని వెళ్లిపోతాడు. ఆ మాట తెరపైకి వచ్చిన క్షణంలో ఆ పేరు ఎక్కడ ఉన్నది? డిస్కు మీద ఉన్నదా, డిస్కుకు వెళ్లే దారిలో ఉన్నదా, కరెంటు పోతే ఆవిరయ్యే ఏదో ఒక చిప్పులో ఉన్నదా? ఈ ప్రసంగం ఆ ఒక్క ప్రశ్నకు సంబంధించినది.

ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చు. జనన మరణ నమోదు చట్టం 1969లో వచ్చింది. 2023లో దానికి జరిగిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరిక మొదలు ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ప్రభుత్వోద్యోగం వరకు పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే రుజువు. ఇరవై ఒక్క రోజులలోగా చేయవలసిన నమోదు ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే జరగదు. రసీదు చేతికి వచ్చి, పేరు మాత్రం డిస్కుకు చేరకపోతే, ఆ కుటుంబానికి సంగతి తెలిసేది ఐదేళ్ల తరువాత బడి గుమ్మం ముందు. జనన నమోదు అనేక చోట్ల రాష్ట్ర, కేంద్ర పోర్టళ్ల ద్వారానే సాగుతున్న మాట నిజమే. అయినా ఇంటి పన్ను, కుళాయి కనెక్షన్లు, వర్తక లైసెన్సులు, స్కాన్ చేసిన పాత రిజిస్టర్లు పట్టణాల సొంత సర్వర్లలో ఉండడం మామూలే. సర్వరు ఎవరిదైనా కాంట్రాక్టరును అడగవలసిన ప్రశ్నలు ఒకటే.

మొదట అమరిక సంగతి. ఒకప్పుడు డేటాబేస్ నడిచే సర్వరులోనే డిస్కులు ఉండేవి. సర్వరు చెడిపోతే డిస్కులు దానిలోనే చిక్కుకుపోయేవి. స్థలం చాలకపోతే పెట్టె విప్పవలసి వచ్చేది. అందుచేత డిస్కులను వేరే పెట్టెలో పెట్టి, నెట్‌వర్క్ ద్వారా సర్వరుకు అందించే పద్ధతి వ్యాపించింది. ఈ నిల్వ రెండు విధాలు. ఫైళ్ల రూపంలో అందించేది ఒకటి, బ్లాకుల రూపంలో అందించేది మరొకటి. మొదటిది లాకర్ గది వంటిది. గది, అరలు, తాళాలు నిల్వ పెట్టె యజమాన్యంలోనే ఉంటాయి. సర్వరు ‘ఫలానా ఫైలు ఇవ్వు’ అని అడుగుతుంది. రెండవది ఖాళీ స్థలాన్ని కౌలుకు ఇవ్వడం వంటిది. 512 లేదా 4096 బైట్ల గళ్లుగా కొలిచిన నేలను పెట్టె అప్పగిస్తుంది. దాని మీద ఏమి కట్టుకోవాలో, ఎక్కడ గోడ పెట్టాలో సర్వరే నిర్ణయించుకుంటుంది. సర్వరుకు అది తన సొంత డిస్కుగానే కనబడుతుంది. ప్రతి రాతను ఎప్పుడు, ఏ వరుసలో డిస్కుకు చేర్చాలో తానే శాసించాలని డేటాబేస్ కోరుకుంటుంది కనుక దానికి రెండవ పద్ధతి బాగా కుదురుతుంది.

బ్లాకులను మామూలు నెట్‌వర్క్ తీగల మీదుగా పంపే ఒడంబడికలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఐస్కజీ. 2004లో ప్రమాణంగా వెలువడింది, 2014లో సవరించబడింది. అడిగే సర్వరును ఇనిషియేటర్ అని, ఇచ్చే పెట్టెను టార్గెట్ అని అంటారు. టార్గెట్ 3260 పోర్టు మీద వేచి ఉంటుంది. ప్రత్యేకమైన ఖరీదు తీగలు అక్కరలేదు కనుక చిన్న పట్టణాలకు ఇది అందుబాటులో ఉంది. చిక్కు కూడా అక్కడి నుండే మొదలవుతుంది. మామూలు తీగే కదా అని మామూలుగా అమర్చేస్తారు.

అమరికలోని ప్రతి మలుపును అర్థం చేసుకోవాలంటే డేటాబేస్ రాసే పద్ధతి తెలియాలి. దానికి వర్తకుల కొట్టులోని పుస్తకాలే మంచి ఉదాహరణ. కొట్టులో చిట్టా ఉంటుంది, ఆవర్జా ఉంటుంది. తమిళనాడు రెవెన్యూ కార్యాలయంలో చిట్టా అంటే భూమి పత్రమని హోసూరువారు వెంటనే గుర్తుచేస్తారు. ఇక్కడ చెప్పేది లెక్కల చిట్టా. బేరం జరిగిన వెంటనే దానిని చిట్టాలో వరుసగా ఎక్కిస్తారు. ఆవర్జాలో ఖాతాల వారీగా ఎక్కించడం తీరిక దొరికినప్పుడు జరుగుతుంది. చిట్టా భద్రంగా ఉంటే, ఆవర్జా సగంలో ఆగినా మళ్లీ రాసుకోవచ్చు. డేటాబేస్ కూడా ఇదే చేస్తుంది. మార్పును మొదట రైట్ అహెడ్ లాగ్ అనే చిట్టాలో రాస్తుంది. ఆ చిట్టా రాత డిస్కుకు చేరినట్లు ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పిన తరువాతనే తెరపై ‘నమోదైనది’ వస్తుంది. అసలు పట్టికలు, అంటే ఆవర్జా, నిమిషాల తరువాత డిస్కుకు చేరవచ్చు. చేరేలోగా కరెంటు పోతే మళ్లీ లేచినప్పుడు చిట్టా చదివి ఆవర్జాను సరిచేసుకుంటుంది. మొత్తం నమ్మకం చిట్టా మీద ఉన్నది. చిట్టా చేరిందన్న జవాబు అబద్ధమైతే కింద ఉన్నదంతా అబద్ధమే.

ఆ జవాబు రావడానికి రాత ఎన్ని చేతులు మారుతుందో చూడాలి. డేటాబేస్ జ్ఞాపకం నుండి ఆపరేటింగ్ సిస్టమ్ జ్ఞాపకానికి, అక్కడి నుండి నెట్‌వర్క్ కార్డుకు, స్విచ్‌కు, నిల్వ పెట్టెలోని కంట్రోలరు జ్ఞాపకానికి, డిస్కులోనే ఉండే చిన్న జ్ఞాపకానికి, చివరకు డిస్కు పళ్లేనికి. తపాలావారి భాషలో చెప్పాలంటే, ‘ముట్టినది’ అని ఏ చేయి సంతకం చేసినది అన్నదే తేడా. డేటాబేస్ ‘పూర్తిగా దించు’ అని ఇచ్చే ఆజ్ఞ పేరు ఎఫ్‌సింక్. నిజాయితీ గల అమరికలో ఆ ఆజ్ఞ అన్ని చేతులనూ దాటి చివరి వరకు వెళుతుంది. నిజాయితీ లేని అమరికలో నడుమ ఉన్న కంట్రోలరు తన జ్ఞాపకంలో పెట్టుకొని ముట్టినదని చెప్పేస్తుంది. అలా చెప్పడం ఎప్పుడూ తప్పు కాదు. ఆ జ్ఞాపకానికి వెనుక బ్యాటరీ గాని, కెపాసిటరు గాని ఉండి, కరెంటు పోయినా అందులోని రాతను కాపాడగలిగితే ఆ సంతకం చెల్లుతుంది. లేకపోతే చెల్లదు. తక్కువ ధర పెట్టెలలో ఈ రెండూ లేకుండా రాత కాష్‌ను మాత్రం తెరిచి ఉంచుతారు, వేగం బాగా కనబడుతుంది కనుక. యూపీఎస్ ఉన్నది కదా అన్న సమాధానం చాలదు. యూపీఎస్ బ్యాటరీలకు వయస్సు మీరుతుంది, ప్లగ్గు ఊడుతుంది, పెట్టెలోని విద్యుత్ సరఫరా యూనిట్ కాలిపోతుంది.

ఈ అబద్ధాన్ని పట్టుకోవడానికి ఒక తేలిక లెక్క ఉన్నది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. చిట్టా చివర మళ్లీ మళ్లీ రాసి, ప్రతిసారీ నిజంగా పళ్లేనికి దించాలంటే దాదాపు ఒక చుట్టు వేచి ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న పరికరం సెకనుకు ఎన్ని ఎఫ్‌సింక్‌లు జరుగుతున్నాయో చెబుతుంది. తిరిగే డిస్కులు మాత్రమే ఉన్న పెట్టె సెకనుకు వేలకు వేలు చూపిస్తే, దానిలో రక్షణ గల కాష్ ఉండాలి, లేదా అది అబద్ధమాడుతూ ఉండాలి. రెండింటిలో ఏదో కాంట్రాక్టరు కాగితం మీద రాసి ఇవ్వాలి.

వేగం కోసం చేసే మార్పులలో రెండింటిని వేరుగా చూడాలి. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నెట్‌వర్క్ మీదుగా చిట్టా దించడానికి ఒక మిల్లీసెకను పడితే, ఒకదాని తరువాత ఒకటిగా సెకనుకు వెయ్యి నమోదులు చేయవచ్చు. ఐదు మిల్లీసెకన్లు పడితే రెండు వందలు. పట్టణ కార్యాలయానికి రెండు వందలు కూడా ఎక్కువే. అయినా నెల చివర పన్నుల రద్దీలో తెర నెమ్మదిస్తే ఎవరో ఒకరు పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్‌ను ఆపుతారు. దానివల్ల కరెంటు పోయినప్పుడు చివరి అర సెకను, ముప్పాతిక సెకను నమోదులు పోతాయి; మిగిలిన పుస్తకం చెక్కుచెదరదు. మరొకరు ఎఫ్‌సింక్‌నే ఆపుతారు. దానివల్ల చిట్టాకు, ఆవర్జాకు పొంతన తప్పి మొత్తం పుస్తకమే చదవరానిదవుతుంది. మొదటిది సినిమా సమీక్షల సైటుకు ఫరవాలేదు, రసీదు ఇచ్చే కార్యాలయానికి తగదు. రెండవది ఎవరికీ తగదు, పాత డేటాను ఒకసారి ఎక్కించుకొనే వేళ తప్ప. ఆ పని అయిన తరువాత తిరిగి తెరవడం మరచిపోయిన సర్వర్లు ఉంటాయి. అందుచేత ఆ సెట్టింగును చూసి తెలుసుకోవాలే తప్ప తెరిచే ఉన్నదని నమ్మకూడదు.

గళ్ల కొలతల వల్ల మరొక ఇబ్బంది ఉన్నది. పోస్ట్‌గ్రెస్ తన పుటను 8 కిలోబైట్లుగా, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ 16 కిలోబైట్లుగా రాస్తాయి. కింద ఉన్న నేల గళ్లు 4 కిలోబైట్లు లేదా అంతకంటే చిన్నవి. రాస్తుండగా కరెంటు పోతే పుటలో సగం కొత్తది, సగం పాతదిగా మిగిలిపోవచ్చు. దీనికి విరుగుడుగా పోస్ట్‌గ్రెస్ పుట మొత్తాన్ని చిట్టాలో ఒకసారి రాసుకుంటుంది. ఇన్నోడీబీ వేరే చోట ఒక నకలు రాసి తరువాత అసలు చోట రాస్తుంది. వేగం పేరిట వీటిని ఆపమని సలహా ఇచ్చేవారు, కింది పెట్టె పుటను చిరగకుండా రాస్తుందని రుజువు చూపాలి. చూపలేకపోతే వాటిని ముట్టుకోకూడదు.

ఇక తీగల విషయం. నిల్వకు వెళ్లే దారిలో కార్యాలయపు మామూలు రాకపోకలు ఉండరాదు. మేడ మీద ఎవరో పెద్ద వీడియో దింపుకుంటే కింద పన్ను రసీదు ఆగిపోయే పరిస్థితి రాకూడదు. వేరే స్విచ్‌లు, లేదా కనీసం వేరే వీలాన్ కావాలి. దారులు రెండు ఉండాలి: రెండు కార్డులు, రెండు స్విచ్‌లు, పెట్టెలో రెండు కంట్రోలర్లు. వాటిని సర్వరులోని మల్టీపాత్ అనే ఏర్పాటు ఒకే డిస్కుగా చూపిస్తుంది. రెండు తీగలనూ ఒకే స్విచ్‌లో గుచ్చి రెండు దారులున్నాయని చెప్పడం సాధారణం. ఆ స్విచ్ కరెంటు తీగ ఊడితే రెండూ ఒకేసారి పోతాయి.

పెద్ద పొట్లాలుగా పంపితే వేగం పెరుగుతుందని ఎంటీయూను 1500 నుండి 9000కు పెంచుతారు. పెంచితే సర్వరులో, స్విచ్‌లో, పెట్టెలో అన్ని చోట్లా పెంచాలి. ఒక్కచోట మరచిపోతే జరిగేది విచిత్రంగా ఉంటుంది. లాగిన్ అవుతుంది, పింగ్ వెళుతుంది, డిస్కు కనబడుతుంది, చిన్న రాతలన్నీ బాగానే సాగుతాయి. పెద్ద రాత రాగానే అంతా స్తంభిస్తుంది. పొట్లాన్ని ముక్కలు చేయవద్దని చెప్పి 8972 బైట్లతో పింగ్ పంపి చూస్తే ఈ లోపం నిమిషంలో బయటపడుతుంది. పట్టణ కార్యాలయపు రద్దీకి 1500తోనే పని గడుస్తుంది. అక్కరలేని చోట ఈ మార్పు చేయకపోవడమే తెలివి.

నెట్‌వర్క్‌లో చిన్న పొరపాటు నిల్వను ఎంతగా దెబ్బతీస్తుందో 2011 ఏప్రిల్ 21న అమెరికా తూర్పు తీరంలో తెలిసింది. అమెజాన్ సంస్థ అక్కడ నడిపే బ్లాక్ నిల్వలో సామర్థ్యం పెంచే పనికోసం రాకపోకలను ఒక దారి నుండి మరొక దారికి మళ్లించవలసి వచ్చింది. పొరపాటున తక్కువ సామర్థ్యం గల దారికి మళ్లించారు. నిల్వ యంత్రాలకు తమ జంట ప్రతులతో సంబంధం తెగింది. దారి తిరిగి తెరుచుకోగానే అవన్నీ ఒకేసారి కొత్త జంటల కోసం ఖాళీ స్థలం వెతకడం మొదలుపెట్టాయి. స్థలం అయిపోయింది, వెతుకులాట ఆగలేదు. కోలుకోవడానికి రోజులు పట్టింది. దెబ్బతిన్న ఆ ప్రాంత విభాగంలో 0.07 శాతం డిస్కులు ఎప్పటికీ తిరిగి రాలేదని ఆ సంస్థే ప్రకటించింది. శాతంగా చూస్తే అది చిన్న అంకె. ఆ డిస్కు మీద ఉన్నవారికి మాత్రం నూరు శాతం.

దారి తెగినప్పుడు సర్వరు ఎంతసేపు వేచి ఉండాలన్నది మరొక నిర్ణయం. లినక్స్‌లోని ఓపెన్ ఐస్కజీ మామూలుగా 120 సెకన్లు చూసి, ఆ తరువాత రాత విఫలమైనదని పైకి చెబుతుంది. రెండు దారులున్నప్పుడు అంతసేపు ఆగితే రెండవ దారికి మారడమే ఆలస్యమవుతుంది. 15 సెకన్ల వంటి చిన్న విలువ పెట్టడం మేలు. రెండు దారులూ పోతే మల్టీపాత్ రాతలను వరుసలో నిలిపి ఉంచాలా, వెంటనే తప్పు చెప్పాలా? నిలిపి ఉంచితే తెర బిగుసుకుపోతుంది, పౌరుడు విసుక్కుంటాడు, కాని ఏ అబద్ధమూ జరగదు. వెంటనే తప్పు చెబితే డేటాబేస్ ఆ తప్పును సరిగా అర్థం చేసుకోవాలి.

సరిగా అర్థం చేసుకోవడం అంత తేలిక కాదని 2018లో పోస్ట్‌గ్రెస్ నిర్మాతలు గ్రహించారు. నిల్వ దెబ్బతిని ఒక వాడుకరి డేటా పాడైన తరువాత విచారిస్తే తేలినది ఇది. లినక్స్‌లో వెనుక రాత విఫలమైతే ఎఫ్‌సింక్ ఆ తప్పును ఒకసారి చెబుతుంది. కాని డిస్కుకు చేరని ఆ పుటలను చేరినట్లుగానే గుర్తుపెట్టవచ్చు. డేటాబేస్ మరొకసారి ఎఫ్‌సింక్ అడిగితే ఈసారి ‘సరే’ అన్న జవాబు వస్తుంది. మళ్లీ ప్రయత్నించి నెగ్గామని డేటాబేస్ అనుకుంటుంది. పుట మాత్రం పోయింది. ఇరవై ఏళ్లుగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఇంత లోటు ఉన్నదని తెలిసి నిపుణులే విస్తుపోయారు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన సవరణల నుండి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ తప్పు రాగానే మళ్లీ ప్రయత్నించకుండా తనను తాను ఆపేసుకొని, చిట్టా చదివి మొదటి నుండి సరిచేసుకుంటుంది. ఆ తేదీకి ముందరి రూపాన్ని ఇప్పటికీ నడుపుతున్న కార్యాలయం ఏదైనా ఉంటే, మిగిలిన అమరికలన్నింటికంటే ముందు దానిని మార్చాలి.

ఖాళీ స్థలం కౌలు ఉదాహరణలో మరొక ప్రమాదం దాగి ఉంది. ఒకే స్థలాన్ని ఇద్దరికి కౌలుకిస్తే ఏమవుతుంది? రెండు సర్వర్లు ఒకే బ్లాకు డిస్కుకు లాగిన్ అయి, రెండూ మామూలు ఫైల్ సిస్టమ్‌తో దానిని తెరిస్తే ఒకదాని గోడలను మరొకటి కూలుస్తుంది. ఏదీ తప్పు చెప్పదు. అందుకే టార్గెట్‌లో ఏ డిస్కును ఏ ఇనిషియేటర్ తెరవవచ్చో పేరు పెట్టి రాయాలి. అక్కడా ఒక ఉచ్చు ఉన్నది. ఒక సర్వరును నకలు తీసి మరొకటి తయారు చేసినప్పుడు ఇనిషియేటర్ పేరు కూడా నకలైపోతుంది. ఇద్దరు మనుషులు ఒకే ఆధార్ సంఖ్యతో వచ్చినట్లు టార్గెట్ ఇద్దరినీ లోపలికి పంపుతుంది. నకలు తీసిన వెంటనే పేరు మార్చాలి. చాప్ అనే రహస్య పదం పరిశీలన పెట్టుకోవాలి. చాప్ ఎవరు వచ్చారో చూస్తుంది తప్ప తీగ మీద పోయే డేటాను కప్పదు. పౌరుల వివరాలు తెరిచిన ఉత్తరంలా ప్రయాణిస్తాయి కనుక ఆ తీగ ఎవరి చేతికీ అందని చోట ఉండాలి, లేదా ఐపీసెక్‌తో కప్పాలి.

వీటన్నింటికంటే గుమాస్తాకు గుండె ఆగేంత పని చేసే లోపం మరొకటి ఉన్నది, అది చాలా చిన్నది. ఆదివారం రాత్రి కరెంటు పోయింది. సోమవారం ఉదయం అన్నీ లేచాయి. సర్వరు నిల్వ పెట్టె కంటే ముందు లేచింది, నెట్‌వర్క్ ఇంకా సిద్ధం కాలేదు, డిస్కు తగలలేదు. డిస్కు తగలవలసిన చోట సర్వరు సొంత డిస్కు మీద ఒక ఖాళీ సంచిక ఉన్నది. డేటాబేస్‌ను లేపే స్క్రిప్టు ఆ సంచికను చూసి, ‘ఇక్కడ ఏమీ లేదు, కొత్తది మొదలుపెడదాం’ అనుకొని ఖాళీ డేటాబేస్ కట్టింది. గుమాస్తా తెర తెరిస్తే పట్టణంలో ఒక్కరూ పుట్టలేదు, ఒక్కరూ పన్ను కట్టలేదు. గమనించి ఆగితే మంచిదే; అసలు డేటా పెట్టెలో క్షేమంగా ఉంటుంది. అప్లికేషన్ తానే ఖాళీ పట్టికలు కట్టుకొని పని సాగనిస్తే, ఆ పూట నమోదులన్నీ తప్పుడు డిస్కు మీదకు పోతాయి. మధ్యాహ్నం ఎవరో సర్వరును తిరిగి లేపగానే అసలు డిస్కు తగులుతుంది, ఉదయపు నమోదులు దాని కింద కప్పబడిపోతాయి. పౌరుల చేతిలో రసీదులుంటాయి.

దీనికి నివారణ నాలుగు చర్యలు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్కుకు నెట్‌డెవ్ అనే గుర్తు పెట్టాలి, అప్పుడు నెట్‌వర్క్ లేచిన తరువాతనే తగిలించడం జరుగుతుంది. డిస్కును ఎస్‌డీబీ, ఎస్‌డీసీ వంటి మారిపోయే పేర్లతో గాక దాని స్థిర గుర్తింపు సంఖ్యతో పిలవాలి. డేటాబేస్ సేవ ఆ డిస్కు తగలడం మీద ఆధారపడేటట్లు రాయాలి. డేటాబేస్ సంచికను డిస్కు తగిలే చోట నేరుగా పెట్టకుండా దాని లోపల మరొక సంచికగా పెట్టాలి. డిస్కు తగలకపోతే ఆ లోపలి సంచిక కనబడదు, తగిలే చోటు రూట్ సొత్తు కనుక అక్కడ కొత్తది కట్టే హక్కు డేటాబేస్‌కు ఉండదు. అది లేవకుండా ఆగిపోతుంది. ఆగిపోవడమే కావలసినది.

స్థలం లెక్క గురించి భాషకు సంబంధించిన ఒక చిన్న ముచ్చట. బళ్లారిలోనైనా బ్రహ్మపురంలోనైనా తెలుగు కుటుంబాలవారు తమ పేర్లను తమ లిపిలో నమోదు చేయమని అడిగినప్పుడు స్థలం ఎక్కువ పడుతుందన్న జవాబు వినబడవచ్చు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటికి మూడు బైట్లు పట్టే మాట నిజం. ‘వెంకటేశ్వరరావు’ అన్న పేరులో 14 సంకేతాలున్నాయి, అంటే 42 బైట్లు. అటువంటి పేర్లు లక్ష ఉన్నా 42 లక్షల బైట్లు. స్కాన్ చేసిన పాత రిజిస్టరు పుటలు నాలుగైదు చాలు, అంత స్థలాన్ని తినేయడానికి. స్థలం లేదన్న సాకు లిపికి వర్తించదు.

స్థలంలో అసలు మోసం మరొక చోట జరుగుతుంది. పెట్టెలో 4 టెరాబైట్లు ఉండగా పది మందికి ఒక్కొక్క టెరాబైటు ఉన్నట్లు చూపించే పద్ధతి ఉన్నది. థిన్ ప్రొవిజనింగ్ అంటారు. అందరూ తమ వాటా నింపరన్న ధీమా దానికి ఆధారం. నిండిన రోజున డేటాబేస్‌కు తన డిస్కులో సగం ఖాళీగా కనబడుతూనే ఉంటుంది, రాత మాత్రం విఫలమవుతుంది. స్కాన్ ఫైళ్లకు, సీసీ కెమెరా రికార్డులకు ఈ పద్ధతి వాడుకోవచ్చు. డేటాబేస్ చిట్టాకు, ఆవర్జాకు పూర్తి స్థలం ముందే కేటాయించాలి.

స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో డిస్కు ఛాయాచిత్రం. చిట్టాను ఒక డిస్కు మీద, ఆవర్జాను మరొక డిస్కు మీద పెట్టినప్పుడు రెండింటి చిత్రమూ ఒకే క్షణంలో తీయాలి. వేరు వేరు క్షణాలలో తీస్తే అవి ఒకదానికొకటి అతకవు. ఆ చిత్రం అదే పెట్టెలో ఉంటే అది రక్షణ ప్రతి కాదు. పెట్టె కాలిపోతే రెండూ కాలిపోతాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండవ సర్వరులోని డేటాను తుడవబోయి ప్రధాన సర్వరులోని డేటాను తుడిచాడు. సుమారు 300 గిగాబైట్లలో 4.5 మిగిలాయి. రోజువారీ రక్షణ ప్రతుల కోసం వెతికితే అవి లేవు. ప్రతి తీసే పరికరం రూపం, డేటాబేస్ రూపం సరిపోలక ఆ పని విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను అందుకోవలసిన మెయిల్ సర్వరు తిప్పికొట్టింది. పరీక్షా సర్వరు కోసం ఆరు గంటల ముందు చేతితో తీసిన ఒక స్నాప్‌షాట్ వారిని కాపాడింది. ఆ ఆరు గంటల మార్పులు పోయాయి. జరిగినదంతా ఆ సంస్థ దాచకుండా ప్రకటించడం మెచ్చదగినది. ఫ్రాన్సుకు ఓడ మీద వెళ్లిన ప్రతి ఆలస్యంగానే చేరేది, కాని వేరే ఊరికి చేరేది. పట్టణపు డేటాకు కూడా వేరే భవనంలో ఒక ప్రతి ఉండి, దాని నుండి మూడు నెలలకొకసారి ఖాళీ సర్వరు మీద పుస్తకాన్ని తిరిగి నిలబెట్టి చూడాలి.

చివరగా అప్పగింత పరీక్ష. బిల్లు చెల్లించడానికి ముందు, అసలు డేటా ఎక్కించడానికి ముందు దీనిని జరపాలి. ఒక చిన్న స్క్రిప్టు 1, 2, 3 అని వరుస సంఖ్యలను డేటాబేస్‌లో నమోదు చేస్తూ, ‘నమోదైనది’ అన్న జవాబు వచ్చిన ప్రతి సంఖ్యను వేరే కంప్యూటరు మీద రాసుకుంటూ పోతుంది. అది నడుస్తుండగా కాంట్రాక్టరు సమక్షంలో ఒక తీగ ఊడదీయాలి. కొద్ది సెకన్లు నిలిచి మళ్లీ సాగాలి. రెండవ తీగ కూడా ఊడదీయాలి. ఆగిపోవాలి, తీగ పెట్టగానే శుభ్రంగా లేవాలి. తరువాత నిల్వ పెట్టె కరెంటు ప్లగ్గులను ఉన్నపళంగా లాగాలి. యూపీఎస్ మీట నొక్కడం చాలదు, ప్లగ్గులే లాగాలి. అరగంట ఆగి అన్నింటినీ లేపి, వేరే కంప్యూటరు మీద ఉన్న జాబితాలోని చివరి సంఖ్యను డేటాబేస్‌లో వెతకాలి. జాబితాలో 48,213 ఉండి డేటాబేస్‌లో 48,190 దగ్గర ఆగితే, ఇరవై మూడు రసీదులు అబద్ధమన్నమాట. ఆ పెట్టెను లోపలికి తీసుకోరాదు. ఈ పరీక్షను కూడా టెండరు నిబంధనలలో చేర్చాలి, ఎందుకంటే సంతకాలయ్యాక ప్లగ్గు లాగనిచ్చే కాంట్రాక్టరు దొరకడు.